పాతబస్తీ పొయ్యి: సన్నసెగ మీద నిలబడిన ఒక విద్య

హైదరాబాదు పాతబస్తీ అంటే మూసీకి దక్షిణాన, 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన చార్మినార్‌ను నడిబొడ్డున పెట్టుకొని నాలుగు దిక్కులకూ పరుచుకున్న పేటల పేరు. ఉత్తరాన నాలుగు కమాన్లు, వాటి నడుమ గుల్జార్ హౌజ్ అనే నీటితొట్టి, ఆ కమాన్లు దాటితే 1908 మూసీ వరద తరువాత ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ కట్టించిన పత్తర్‌గట్టి రాతి అంగళ్లు; పడమట గాజుల లాడ్ బజారు, దాని కొసన హుస్సేనీ ఆలం; ఈశాన్యాన పురానీ హవేలీ, దారుల్‌షిఫా; దక్షిణాన షా అలీ బండా, ఇంకా దిగువకు వెళ్తే అరబ్బు సిపాయిల సంతతి కాపురముంటున్న బార్కస్. ఆంగ్లంలోని బ్యారక్స్ అనే మాటే జనం నోట నలిగి బార్కస్ అయింది.

ఈ పేటల్ని గాజులు, ముత్యాలు, బిర్యానీ అని మూడు ముక్కల్లో తేల్చేయడం యాత్రికులకు అలవాటు. నిజానికి ఇక్కడి తిండి గడియారాన్ని బట్టి నడుస్తుంది. తెల్లవారుజామున దొరికేది తొమ్మిదింటికి దొరకదు, మధ్యాహ్నం తినేదాన్ని రాత్రి ఎవరూ అడగరు. వేళలు ఎన్ని మారినా వంటలన్నిటి వెనుకా ఉన్న విద్య మాత్రం ఒక్కటే. అది సన్నసెగను నమ్ముకున్న విద్య. మసాలా దినుసులు డబ్బు పెడితే ఎక్కడైనా దొరుకుతాయి గానీ, నిప్పును ఎప్పుడు ఎగదోయాలో, ఎప్పుడు బూడిద కప్పాలో తెలిసిన చెయ్యి అంగట్లో దొరకదు.

ఆ విద్యకు మొదటి పాఠం నహారీ. పగలు, ఉదయం అనే అర్థమున్న అరబ్బీ మాట నుంచి వచ్చిన ఈ పేరుతో పాతబస్తీ వాళ్లు పిలిచేది మేక కాళ్లను (పాయా), నాలుకను (జబాన్) రాత్రంతా మరిగించి తీసిన పలుచని రసాన్ని. ఢిల్లీ నహారీ గోధుమపిండి కలిపి చిక్కగా చేసేది. హైదరాబాదీ నహారీ చారులాగా జారుతుంది, వేలికి మాత్రం బంకలా అంటుకుంటుంది. ఆ బంక ఎముకల్లోని జిగురు కరిగి వచ్చినదే తప్ప పైనుంచి కలిపింది కాదు. సువాసన సంగతి అంతకంటే గొప్పది. వట్టివేరు, రాతిపువ్వు, తమలపాకు తీగ వేరు, ఎండు గులాబీ రేకులు, గంధపు చెక్క పొడి వంటివి గుడ్డలో మూటగట్టి డేగ్‌లోకి, అంటే కడుపు వెడల్పుగా మూతి ఇరుకుగా ఉండే పెద్ద రాగి పాత్రలోకి, జారవిడుస్తారు. దీన్నే పొట్లీ మసాలా అంటారు. మూటలో ఉన్నదేదీ విస్తట్లోకి రాదు, నాలుకకు తగలదు. వాసన మాత్రమే రసంలోకి దిగుతుంది. వట్టివేరు చలివేంద్రం కుండలోనూ తడికల్లోనూ వాడే తెలుగువాళ్లకు అదే వేరు మాంసపు రసంలో ఎంత హుందాగా ఒదిగిపోతుందో తెలియాలంటే మూసీ మీది నయాపుల్ వంతెన వైపు ఉన్న పాత హోటళ్లలో తెల్లవారగట్ల ఒక గిన్నె ముందు కూర్చోవలసిందే.

నహారీకి జోడు నాన్. పురానీ హవేలీ ఎదుట 1851లో మొదలైందని చెప్పుకునే మున్షీ నాన్ ఈ విషయంలో తిరుగులేని పేరు. నిజాం కొలువులో మున్షీగా, అంటే లేఖకుడిగా పనిచేసిన ఒకాయన రొట్టెల మీద మోజుతో పెట్టిన కొట్టని జనశ్రుతి. నాలుగు మూలలు తేలిన చతురస్రపు నాన్ ఇక్కడి ప్రత్యేకత. పులియబెట్టిన మైదా ముద్దను పరిచి, మూలలు తేల్చి, వెనుకవైపు తడి అద్ది, గుడ్డమెత్త మీద వేసుకొని, నుయ్యిలా లోతుగా ఉన్న తందూరులోకి నడుం దాకా వంగి లోపలి గోడకు ఒక్క చరుపుతో అతికించడం చూడడానికి నిమిషం పని. ఆ నిమిషంలో సెగ ముఖానికి కొట్టకుండా ఊపిరి బిగబట్టాలి, పక్కనున్న నాన్‌కు అంచు తగలకూడదు, పట్టు సడలి బూడిదలో పడిందా అది పోయినట్టే. కాలిన నాన్‌ను తీయడానికి రెండు ఇనుప ఊచలు ఉంటాయి. ఒకటి గోడ నుంచి గీరుతుంది, రెండోది కొక్కెంతో అందుకుంటుంది, ఈ రెండూ ఒకే మనిషి రెండు చేతుల్లో ఒకే లయలో ఆడతాయి. ముంజేతి మీద వెంట్రుక మిగలని ఆ పనివాళ్లు లోపలికి తొంగిచూడకుండానే వాసనను బట్టి ఏ వరుస కాలిందో చెప్పగలరు. సంగీతంలో శ్రుతిజ్ఞానానికి ఇచ్చే గౌరవం ఈ వాసనజ్ఞానానికి ఎందుకు ఇవ్వరో సమాధానం లేని ప్రశ్న.

పొద్దెక్కేసరికి ఎసరు మారుతుంది. మసూర్‌పప్పుతో పసుపుపచ్చగా వండిన ఖిచ్డీ, దాని పక్కన ఖీమా, ఆ రెండింటికీ తోడుగా ఖట్టా అనే పులుసు వస్తాయి. వేయించిన నువ్వుల పొడి, చింతపండు రసం, పచ్చిమిర్చి, ఉల్లిపాయ కలిపే ఈ ఖట్టాను పొయ్యి మీద పెట్టరు. తెలంగాణ పల్లెలో పచ్చిపులుసు తిని పెరిగినవాడు మొదటి ముద్దకే దాన్ని చుట్టంగా గుర్తుపడతాడు. పాతబస్తీ వంటను మొఘలాయీ వంటకు దక్షిణాది నకలుగా చూసే ఉత్తరాది పండితులకు ఇంతకంటే పదునైన జవాబు లేదు. మిర్చీ కా సాలన్‌లోనూ, బఘారా బైంగన్‌లోనూ, పల్లీ, నువ్వు, ఎండుకొబ్బరి నూరి చింతపండు పోసి కరివేపాకు తాలింపు పెట్టడం ఢిల్లీ నుంచి వచ్చిన పద్ధతి కాదు, ఈ నేల ఆ వంటింటికి నేర్పిన పద్ధతి. లక్నో వంటలో నాజూకు ఉంటే ఉండవచ్చు. ఆ పులుపు మాత్రం లేదు.

బిర్యానీ విషయంలో మాటలు ఎక్కువ, ఎరుక తక్కువ. బిర్యానీలో పక్కీ, కచ్చీ అని రెండు దారులున్నాయి: మాంసాన్ని ముందే వండి అన్నంతో పొరలు వేస్తే పక్కీ, పచ్చి మాంసాన్నే అడుగున పెట్టి పైన సగం ఉడికిన అన్నం పరిచి రెండింటినీ ఒకేసారి ఉడికిస్తే కచ్చీ. హైదరాబాదుకు పేరు తెచ్చింది కచ్చీ. దాని కష్టమంతా కాలంతో లెక్క. మాంసం ఉడకడానికి పట్టే సమయం వేరు, బియ్యానికి పట్టే సమయం వేరు. మూత మూశాక కలపడానికి లేదు, చూడడానికి లేదు, ఉప్పు దిద్దడానికి లేదు. అందుకే పెరుగు, అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి, వేయించిన ఉల్లి, పుదీనా, నిమ్మరసంతోపాటు మాంసాన్ని మెత్తబరచడానికి పచ్చి బొప్పాయి ముద్ద కూడా పట్టించి కొన్ని గంటలు నాననిస్తారు. బియ్యాన్ని మరుగుతున్న నీళ్ల నుంచి ఒక్కసారిగా కాక విడతలు విడతలుగా తీస్తారు. మాంసం మీది మొదటి పొరకు పలుకు గట్టిగా ఉన్నప్పుడే, పై పొరలకు కాస్త ఎక్కువ ఉడికాక. కింద మాంసం వదిలే ఆవిరి మొదటి పొరకు ఎక్కువ, పైపొరకు తక్కువ అందుతుంది గనుక ఈ తేడా లేకపోతే అడుగు ముద్ద, మీద పలుకు అవుతుంది. తరువాత పాలలో నానిన కుంకుమపువ్వు, నెయ్యి చిలకరించి, మూత అంచు చుట్టూ గోధుమపిండి ముద్దతో మూసి, కింద సెగ, మూత మీద బొగ్గులు పెడతారు. ఆవిరిని లోపలే బంధించే ఈ పద్ధతిని దమ్ అంటారు.

అసలు పరీక్ష అప్పుడు మొదలవుతుంది. మంచి బావర్చీ, అంటే వంటమేస్త్రి, గడియారం చూడడు. తడి వేళ్లను డేగ్ పక్కకు తాకించి చుయ్‌మన్న చప్పుడు ఎంత ఎత్తున వచ్చిందో వింటాడు, పిండి అంచున పలుచగా తప్పించుకొనే ఆవిరి వాసన పచ్చి మసాలా నుంచి వండిన మాంసానికి ఎప్పుడు మారిందో పసిగడతాడు, ఆ క్షణాన సెగ లాగేస్తాడు. పది నిమిషాలు ముందైతే మాంసం పచ్చి, పది నిమిషాలు ఆలస్యమైతే అడుగు మాడు. పెళ్లిళ్లలో ఇలాంటి డేగ్‌లు వరుసగా పెట్టి, ఒక్కొక్క దాని దగ్గర క్షణం ఆగి, ఏదీ మాడకుండా అన్నిటినీ ఒక్క వేళకు దించే మేస్త్రీలు పాతబస్తీలో ఇప్పటికీ ఉన్నారు. వడ్డన కూడా విద్యే: మీద నుంచి గోకి తీయకుండా, పక్క నుంచి నిలువుగా కోసినట్టు తీస్తే తెల్లని, పచ్చని, గోధుమరంగు పొరలన్నీ ఒకే విస్తట్లోకి వస్తాయి.

హలీం చరిత్రను క్లుప్తంగా చెప్పుకోవచ్చు. అరబ్బుల హరీస్ దీనికి మూలం. పత్తర్‌గట్టి కొసనున్న మదీనా హోటల్ 1950లలో దీన్ని హోటల్ వంటగా మార్చిందంటారు. 2010లో హైదరాబాదీ హలీంకు భౌగోళిక గుర్తింపు దక్కింది. మూలరూపాన్ని రుచి చూడాలనుకునేవాళ్లు బార్కస్ వెళ్లి ఉదయాన్నే అమ్మే తెల్లని హరీస్ తినాలి. ఉప్పుదీ దొరుకుతుంది, చక్కెరదీ దొరుకుతుంది. చార్మినార్ పరిసరాలకు చేరేసరికి దానికి మసాలా, పప్పు, నెయ్యి, వేయించిన ఉల్లి, నిమ్మ తోడయ్యాయి. గోధుమను, మాంసాన్ని ఇటుక బట్టీ మీద పన్నెండు గంటల దాకా ఉడికించి, ఘోట్నా అనే పొడవాటి కర్ర రోకళ్లతో ఇద్దరు ఎదురెదురుగా నిలబడి దంచుతారు. మాంసం మాయం కావాలి, పీచు మిగలాలి. ఆ పీచు గరిటెతో ఎత్తినప్పుడు తీగలా సాగడమే మంచి హలీంకు ఆనవాలు. యంత్రం తిప్పితే మాంసం నలుగుతుంది, పీచు తెగుతుంది, మిగిలేది జావ.

ఇన్ని గంటల వంటల నడుమ ఊపిరి తీసుకోవడానికి ఇరానీ చాయ్. మక్కా మసీదు పక్కనున్న నిమ్రా కేఫ్ దగ్గర నిలబడి చార్మినార్‌ను చూస్తూ తాగే చాయ్‌కు ఇప్పుడు ఫొటోల వల్ల కీర్తి వచ్చింది గానీ, దాని గొప్పతనం ఫొటోలో కనపడదు. డికాక్షన్ ఒక పాత్రలో మూతవేసి సన్నసెగ మీద మగ్గుతుంది, పాలు మరో పాత్రలో గంటల తరబడి చిక్కబడతాయి, రెండూ కలిసేది కప్పులోనే. డికాక్షన్ తగ్గించి పాలు ఎక్కువ కావాలంటే పౌనా అని అడగాలి. తోడు ఉస్మానియా బిస్కెట్. అది ఉస్మానియా ఆస్పత్రి రోగుల కోసం పుట్టిందని ఒక కథ, ఏడో నిజాం మోజు వల్ల పుట్టిందని ఇంకో కథ. తీపి, ఉప్పు సరిసమానంగా నాలుక మీద తేలడమే దాని నిజం. పాతబస్తీ అంతా మాంసమేనని మొహం తిప్పుకునేవాళ్లు పొద్దున్నే గుల్జార్ హౌజ్ దగ్గర గోవింద్ బండి మీద వెన్న కరుగుతున్న దోసె చుట్టూ చేరే గుంపును ఒకసారి చూస్తే మంచిది. ఆ గుంపులో మార్వాడీ సేటూ, ముత్యాల కొట్టు గుమాస్తా, నమాజు ముగించుకొని వచ్చిన పెద్దాయనా భుజాలు రాసుకుంటూ నిలబడతారు.

ఇంత విద్యకు ఈ రోజు జరుగుతున్న అవమానం చూస్తే కడుపు రగులుతుంది. 2019లో యునెస్కో హైదరాబాదును వంటకళా నగరంగా గుర్తించింది. ఆ బిరుదును బోర్డుల మీద రాసుకున్న నగరంలోనే వీధి వీధికీ హైదరాబాదీ దమ్ పేరు తగిలించుకొని, ఉడకబెట్టిన మాంసం ముక్కలను రంగు చల్లిన అన్నం కింద దాచిపెట్టి అమ్ముతున్నారు. దానికి దమ్ లేదు, పొర లేదు, సిగ్గూ లేదు. కుంకుమపువ్వు బదులు నారింజ రంగు, నెయ్యి బదులు డాల్డా, హలీంలో మాంసం కంటే గోధుమ, ఇరానీ చాయ్ పేరిట పాలపొడి, యాలకుల వాసన నీళ్లు. తెలుగు రాష్ట్రాల్లోనే కాదు, అమెరికా పట్టణాల్లో కూడా తెలుగువాళ్లు ఈ నకళ్లకే వరుసలు కట్టి, అదే అసలని పిల్లలకు చెబుతున్నారు. కొత్త తరం ఒకే పళ్లెం చుట్టూ కూర్చొని మందీ అనే అరబ్బుల మాంసాన్నం తినడాన్ని తప్పు పట్టనక్కరలేదు. అది బార్కస్ ద్వారా ఈ ఊరికి చుట్టమే. తప్పు పట్టవలసింది, మందీ ఎక్కడ దొరుకుతుందో చెప్పగలిగి ఖట్టా అంటే ఏమిటో చెప్పలేని నగరాన్ని.

దీనికి తోడు కట్టడాలు పోతున్నాయి. మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా సుమారు 7.5 కిలోమీటర్ల మెట్రో మార్గం దారుల్‌షిఫా, పురానీ హవేలీ, షా అలీ బండాల మీదుగా వేయదలచి ఆస్తుల సేకరణ చేపట్టారు. పాతబస్తీకి మెట్రో వద్దనడం అన్యాయం. అక్కడి జనం దశాబ్దాలుగా ఎదురుచూసిన సౌకర్యం అది. కానీ కొట్టు పోతే పరిహారం ఇవ్వవచ్చు, తరతరాలుగా కాలి గట్టిపడిన తందూరుకు ఏ చెక్కు సరిపోతుంది? గోపురాలకు, కమాన్లకు వారసత్వ జాబితాలు ఉన్నాయి. ఒక బట్టీని, ఒక తందూరును, ఆ రెండింటినీ నడిపే చేతులను ఆ జాబితాల్లో చేర్చాలన్న ఆలోచనే ప్రభుత్వానికి రాలేదు. విశ్వవిద్యాలయాలు శాసనాలను అచ్చేసినట్టు ఈ మేస్త్రీల పద్ధతులను వాళ్ల దక్కనీ ఉర్దూ మాటల్లోనే రాసిపెట్టాలి, హోటల్ నిర్వహణ పాఠశాలలు తమ విద్యార్థులను ఏడాదికొక నెల ఈ పొయ్యిల దగ్గర కూర్చోబెట్టాలి.

పాఠకులు చేయగలిగింది ఇంకా సులభం. రంజాన్ రద్దీలో కాక మామూలు రోజున, సూర్యోదయానికి ముందే మదీనా సర్కిల్ దగ్గర దిగి, చార్మినార్ వైపు నడిచి, ముందుగా నహారీ, నాన్ అడగాలి. ఎండెక్కాక వెళ్తే డేగ్‌లో అడుగే మిగులుతుంది.