పేరొకటే, పురుగులు రెండు

వంగ చీడల గురించి రాసిన తెలుగు కరపత్రాల్లో 'అక్షింతల పురుగు' శత్రువు, మందు కొట్టమంటారు. మిత్రపురుగుల పట్టికలోనూ అదే పేరు, కాపాడుకోమంటారు. ఈ రెండు మాటలూ నిజమే. లోపమంతా పేరులో ఉంది. నేనూ ఒక వ్యాసం అనువదిస్తూ రెండుచోట్లా ఈ మాటే వాడాను. "ఇంతకీ చంపాలా, ఉంచాలా?" అని ఒక పాఠకుడు అడిగాకగానీ నా తప్పు నాకు తెలియలేదు.

రెండూ కాక్సినెల్లిడే కుటుంబానివే. రెండూ సగం శనగగింజలా ఉబ్బెత్తుగా ఉంటాయి. మొదటిది హెనోసెపిలాక్నా విజింటియోక్టోపంక్టాటా. వంగ, బంగాళాదుంప వంటి మొక్కల ఆకుల అడుగున ఉంటుంది. తల్లిపురుగూ పిల్లపురుగూ ఆకుపచ్చని పదార్థాన్ని గీకి తినేస్తే ఈనెల వల మిగులుతుంది. రెండోది చీలోమెనెస్ సెక్స్‌మాక్యులేటా. ఇది ఆకు తినదు, పేనుబంకను వేటాడుతుంది. ప్రత్తి కావచ్చు, అలసంద కావచ్చు, పేనుబంక ఎక్కడుంటే అదే దీని నివాసం. దవడలూ తిండికి తగినట్టే ఉంటాయి: మొదటిదానికి ఆకు గీకే అనేక పళ్లు, రెండోదానికి ఎరను పట్టే చీలిన మొన.

కొందరు మచ్చలు లెక్కపెట్టమంటారు. ఈ సలహా అంతగా పనికిరాదు. మొదటిదానికి పేరులో చెప్పినట్టు 28 మచ్చలుంటాయి, నిజమే. రెండోదాని పేరుకు అర్థం 'ఆరు మచ్చలది'. వీపుమీద తరచు కనిపించేవి మాత్రం వంకర నల్లచారలు! అంతకన్నా మెరుపు చూడటం నయం. మొదటిదాని వీపు సన్నని నూగుతో మసకగా ఉంటుంది, రెండోది నున్నగా మెరుస్తుంది.

కరపత్రాల్లో మరో లోటు, పిల్లపురుగు బొమ్మ లేకపోవడం. ఆకు తినే పిల్లపురుగు పసుపుపచ్చగా, ఒంటినిండా కొమ్మలు వేసిన ముళ్లతో, మందకొడిగా ఉంటుంది. పేనుబంకను తినేది నల్లగా, పొడవుగా, బుల్లి మొసలిలా చురుగ్గా పరుగెత్తుతుంది. చూడగానే భయపెట్టేది ఇదే, మేలు చేసేదీ ఇదే. దీన్ని చీడ అనుకుని మందు కొడితే పేనుబంకకు పగ్గం ఉండదు.

వంగమీదా పేనుబంక పడుతుంది కనుక రెండు పురుగులూ ఒకే మొక్కమీద కనిపించవచ్చు. అందుకే పంట పేరు చూసి తీర్పు చెప్పకూడదు. పురుగు పక్కన గీకిన ఆకు ఉందా, పేనుబంక ఉందా అని చూడాలి. రాసేవాళ్లం 'ఆకు తినే అక్షింతల పురుగు', 'పేనుబంకను తినే అక్షింతల పురుగు' అని విడివిడిగా రాయాలి. పేరు పొడవైతే కాస్త సిరా ఖర్చవుతుంది. పొట్టి పేరుకు అయ్యే ఖర్చు మాత్రం రైతు మీద పడుతోంది.