కాగితం చూడని కళ్లు

సూరత్‌లోని బమ్రోలి పవర్‌లూమ్ షెడ్లలో మగ్గాల మోతకు పక్క మనిషి మాట వినపడదు. తెలంగాణ నుంచి వచ్చిన మా నేతన్నలు పెదవుల కదలికను బట్టే మాట పట్టేస్తారు. అందుకేనేమో, మాటను అంత తేటగా పలికిన శాంతి స్వరూప్ అంటే నాకు ప్రాణం. 1983 నవంబరు 14న హైదరాబాద్ దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివింది ఆయనే. అప్పుడు టెలిప్రాంప్టర్ లేదు. వార్తలు ముందే గుర్తుపెట్టుకుని, కెమెరా వైపు చూస్తూ చెప్పేవారు. ఊళ్లో పదిమంది మధ్య టీవీ ముందు కూర్చున్నా, ఆయన నాతోనే మాట్లాడుతున్నట్టుండేది. ఎంత సాధన కావాలి దానికి! ఒత్తు జారదు, గొంతు హెచ్చదు, చావు కబురైనా మర్యాద తప్పదు. 2024 ఏప్రిల్‌లో ఆయన పోయారని తెలిసినప్పుడు, ఇక్కడి టీ బండి దగ్గర మా ఈడువాళ్లం ఆయన ఉచ్చారణ గురించే చాలాసేపు చెప్పుకున్నాం.