పాలకొల్లు తీగ, పడమటి కల

మాండలిన్ అంటే మనవాళ్ళకి చాలాకాలం సినిమా పాటలో చరణానికీ చరణానికీ మధ్య టింగుమని మోగి తప్పుకునే వాద్యమే. అలాంటిదాన్ని కచేరీలో నడిమధ్య కూర్చోబెట్టి, వయొలిన్‌నీ మృదంగాన్నీ దానికి పక్కవాద్యాలు చేసినవాడు పాలకొల్లు కుర్రాడు ఉప్పలపు శ్రీనివాస్. ఈ మాట చెప్పుకుని మురిసిపోవడంలో తప్పులేదు. కానీ ఆయన ఏది గొప్పగా వాయించాడు, ఏది అంతంతమాత్రంగా వాయించాడు అని అడిగేవాళ్ళే లేరు. ‘మనవాడు’ అనేశాక ఇక వినక్కర్లేదనుకుంటాం కాబోలు!

శ్రీనివాస్ 1969లో పుట్టాడు. ఆరేళ్ళకే తండ్రి సత్యనారాయణగారి మాండలిన్ చేతబట్టాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి ఆ వాద్యం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ పాటని తీగమీద వెతుక్కునేవాడు. నన్నడిగితే ఆయన సంగీతానికంతా మూలం ఇదే. ఆ వేళ్ళకి పాఠం చెప్పింది మరొకరి వేళ్ళు కావు, గొంతు. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ చేసేనాటికి తొమ్మిదేళ్ళవాడు.

మాండలిన్‌కి పుట్టుకతో వచ్చిన లోపం ఒకటుంది. మీటిన నాదం ఇట్టే ఆరిపోతుంది. మన రాగానికేమో గమకం కావాలి. గమకం పలకాలంటే నాదం నిలవాలి. పైగా జంట తీగలు రెండింటినీ ఒక్కతీరున లాగడం కష్టం. శ్రీనివాస్ జంటల్ని విడదీసి ఒంటి తీగలు చేశాడు, మంద్రస్థాయి కోసం అయిదో తీగ చేర్చాడు, కరెంటు తగిలించాడు. కొందరు పెద్దలు నొసలు చిట్లించారు. వయొలిన్ కూడా సముద్రం దాటి వచ్చిందే కదండీ! బాలుస్వామి దీక్షితర్ చేతిలో పడేదాకా అదీ పరాయిదే.

1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించి, పద్నాలుగేళ్ళకే పడమటివాళ్ళ చెవిన పడ్డాడు. 1960లలో సితార విని కళ్ళు మూసుకుని తేలిపోయిన సమాజం అది. దాన్ని వాళ్ళు సైకెడెలిక్ సంగీతం అన్నారు. మన మాటలో చెప్పాలంటే భ్రాంతి సంగీతం. మన వాద్యం దొరికితే చాలు, వాళ్ళకి అందులో ఓ కల కావాలి. 1995లో రియల్ వరల్డ్ కంపెనీ విడుదల చేసిన శ్రీనివాస్ రికార్డు పేరు కూడా ‘డ్రీమ్’ కావడం కాకతాళీయం కాదేమో.

అందులో ఆయనకి జోడీ కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్. ఈయన చిత్రమైన మనిషి. ఒకసారి మీటితే స్వరం ఆగకుండా సాగుతూనే ఉండే ‘ఇన్ఫినిట్ గిటార్’ని తయారుచేసినవాడు. చూడండి విచిత్రం! శ్రీనివాస్ జీవితమంతా ఆరిపోయే నాదాన్ని వేళ్ళతో బతికించాడు. బ్రూక్ అసలు ఆరని నాదాన్నే పుట్టించాడు. ఇద్దరూ కలిసినచోట శబ్దం అందంగానే ఉంది, పొగమంచులో గోదావరిలా. కాని నాకు ఏదో వెలితి. ఆరిపోతుందన్న భయం ఉన్నప్పుడే గదా దీపానికి చెయ్యి అడ్డుపెడతాం! కచేరీలో ఆయన ఎంత దూరం ఎగిరినా చివరికి తాళం ఎదుట లెక్క అప్పజెప్పాలి. కలలో లెక్కలడిగేవాళ్ళు లేరు.

ఆ తరవాత ‘రిమెంబర్ శక్తి’ బృందంలో ఆ లోటు తీరింది. జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారు ఒక ప్రశ్న వేస్తే మాండలిన్ జవాబు చెప్పాలి. జాకీర్ హుస్సేన్ తబలా ఇద్దర్నీ నిలదీస్తుంది. 2000లో వచ్చిన ‘ది బిలీవర్’ వినండి, శ్రీనివాస్ నిద్రలో లేడు, నిండా మెలకువలో ఉన్నాడు.

అలాగని కలలు మనకి కొత్తా? ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రిగారు ‘ఆదర్శ శిఖరారోహణం’ పేరుతో వీణమీద కొండెక్కారు. ఆయన శిష్యుడు, కాకినాడలో పుట్టిన చిట్టిబాబు, అదే వీణలో కోయిలని కూయించాడు. ఒక్క వాద్యంతో బొమ్మ కట్టించడం మన డెల్టాకి అలవాటైన విద్యే. అయితే వాళ్ళ కలకి రాగం అనే గట్టు ఉంది. గట్టు లేని నీరు ఎంత పారినా పొలానికి అందదని ఇక్కడి రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు.

శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న చెన్నైలో పోయాడు. నలభై అయిదేళ్ళు, అంతే. ‘డ్రీమ్’ని తీసిపారెయ్యమనను. రాత్రి పొద్దుపోయాక వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆయన్ని తెలుసుకోవాలంటే మాత్రం ఓ త్యాగరాజ కృతి పెట్టుకోండి. తీగ వెనకాల గురువుగారి గొంతు వినిపిస్తుంది. కరెంటు ఇవ్వలేనిది అదే.