గుత్తకివ్వని ఇల్లు

షామీర్‌పేట దాటి రాజీవ్ రహదారి నుంచి జినోమ్ వ్యాలీ వైపు మళ్లితే ఒక పక్క టీకాల, మందుల పరిశోధనశాలల అద్దాల గోడలు, ఇంకో పక్క పొలాలు, మధ్యమధ్యలో రాతిగుట్టలు. లాల్‌గడి మలక్‌పేట్ ఆ నడుమ ఉన్న ఊరు. అక్కడ నూటయాభై గజాల జాగాలో ఈమధ్యే పూర్తయిన ఒక ఇంటి గురించి ఈ నాలుగు మాటలు. ఆ ఇంటిని చూడటానికి పనిగట్టుకుని ఎవరూ రారు. ఎలివేషన్‌లో వింతలేమీ లేవు, గేటు కూడా మామూలు గేటే. ఇంటావిడ దాన్ని గుత్తకివ్వలేదు. మేస్త్రిని కూలీ రేటుకు మాట్లాడుకుని, సామానంతా తానే తెప్పించి, దగ్గరుండి కట్టించుకుంది. భర్త కంపెనీ బస్సు నడుపుతాడు కాబట్టి పగలంతా పని మీద ఉన్నది ఈమే. "పేర్లెందుకన్నా, ఇంటి సంగతి రాసుకోండి" అంది. అలాగే రాస్తున్నాను.

ఇంటి పనితనం అనగానే మనకు తాపీ పట్టిన చెయ్యి గుర్తొస్తుంది. ఈ ఇంట్లో తాపీ పని బాగానే ఉంది, అంతకంటే బాగా చేసే మేస్త్రులు మేడ్చల్ చుట్టుపక్కల ఎందరో ఉన్నారు. నన్ను ఆపింది ఒకరి పని ముగిసి ఇంకొకరి పని మొదలయ్యే చోట్లు. పిల్లరు గోడను తాకే గీత, స్లాబులోంచి పైపు దిగే రంధ్రం, మెట్ల వరుస గచ్చును కలిసే అంచు. ఇళ్లు చెడిపోయేది ఎక్కువగా ఇలాంటి చోట్లే. సలాక కట్టేవాడు తన పని బాగా చేస్తాడు, కరెంటు మిస్త్రీ తన పని బాగా చేస్తాడు, ఆ ఇద్దరి మధ్యనున్న అంగుళం మాత్రం ఎవరిదీ కాదు. గుత్తేదారు తీసుకునే లాభం నిజానికి ఆ అంగుళానికి కాపలా కాసినందుకు. కాపలా కాయకుండా లాభం తీసుకునేవాళ్లు ఎక్కువయ్యారు కనుక ఈమె ఆ పని తానే నెత్తికెత్తుకుంది.

మొదట పునాది. హైదరాబాద్ గ్రానైటు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. ఈ వైపు అది ఎక్కడ తలెత్తుతుందో, ఎక్కడ మొరం కింద దాక్కుంటుందో తవ్వితేగానీ తెలియదు. ఈ జాగాలోనూ ఒక మూల పిల్లరు గుంతకు నాలుగడుగుల్లోపే బండ తగిలింది, దాని ఎదురు మూల ఇంకా మెత్తటి మట్టే. "ఇక్కడ బండ దొరికింది గదా, అన్నీ గింతే లోతు తీద్దాం" అనడం పనివాళ్లకు సహజం. అలా చేస్తే బండ మీది పిల్లరు కదలదు, మట్టి మీది పిల్లరు కొద్దికొద్దిగా దిగుతుంది, ఆ తేడాను గోడలు ఏటవాలు పగుళ్లుగా బయటపెడతాయి. ఆమెకు ఈ లెక్క తెలియదు. తనకు తెలియదన్న సంగతి మాత్రం తెలుసు. గుంతల అడుగు చూడటానికి, సలాక కట్టాక చూడటానికి, స్లాబు పోసే ముందు చూడటానికి ఒక స్ట్రక్చరల్ ఇంజినీరును విడిగా మాట్లాడుకుంది. మెత్తటి మూల గుంతలను గట్టి మొరం తగిలేదాకా దింపించింది ఆయనే. సొంతంగా కట్టించుకోవడమంటే ఇంజినీరు ఫీజు మిగుల్చుకోవడం అనుకునేవాళ్లు మిగుల్చుకునేది అదొక్కటే.

మార్కింగ్ రోజున మేస్త్రి సుత్లి తాడుతో మూలలు పట్టాడు. ఒక వైపు మూడు, ఇంకో వైపు నాలుగు, ఏటవాలుగా అయిదు వస్తే మూల మట్టంగా ఉన్నట్టు. ఆ పద్ధతి తాపీ మేస్త్రులందరికీ వస్తుంది. ఆమె చేసిందల్లా ఆఖర్న గది గదికీ రెండు కర్ణాలూ కొలిపించి, రెండూ సమానంగా వచ్చాకే ముగ్గు పోయించడం. పది నిమిషాల పని. దాని ఫలితం ఏడాది తర్వాత గచ్చు మీద కనిపిస్తుంది. ఏ గదిలోనూ గోడ పొడవునా పలకను ముక్కోణంగా కోసి అతికించిన చోటు లేదు.

ఆమె నోటుపుస్తకం గురించి విడిగా చెప్పాలి. అందులో మొదటి పేజీ మేస్త్రితో రాసుకున్న ఒప్పందం. కూలీ రేటు స్లాబు కొలత మీద, చదరపు అడుగుకు ఇంతని. ఈ వైపు ఎక్కువగా మాట్లాడుకునేది అలాగే. తగాదాలు రేటు దగ్గర రావు, రేటులో ఏమేం కలిసి ఉన్నాయన్న దగ్గర వస్తాయి. సజ్జలు కొలతలోకి వస్తాయా, మెట్లు ఎలా కొలుస్తారు, సంపు వేరేనా, మిక్సరు అద్దె, డీజిలు ఎవరివి, బైండింగ్ వైరు, మేకులు ఎవరు తెస్తారు, పరంజా కర్రలు ఎవరివి. అన్నీ రాసుకుంది. చివరి వరుస: "గోడలకు, స్లాబుకు నీళ్లు పట్టుడు మాదే." ఈ ఒక్క వరుసతోనే ఆమెకు ఇల్లు కట్టడం అర్థమైందని నాకనిపించింది. కూలీ రేటుకు వచ్చినవాడికి ఆరిపోతున్న గోడ దగ్గర నిలబడే తీరిక ఉండదు. ఆ పని ఒప్పందంలో ఎవరి పేరా లేకపోతే ఎవరూ చెయ్యరు.

తర్వాతి పేజీల్లో సామాను లెక్క. సలాక లావును మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చించి, 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 మిల్లీమీటర్ల సలాక మీటరుకు 0.889 కిలో, 12 మీటర్ల పూర్తి సలాక 10 కిలోల 670 గ్రాముల దగ్గర తూగాలి. ప్రమాణంలోనే కాస్త అటూ ఇటూ ఒప్పుకుంటారు, మరీ తగ్గితే మాత్రం లావు తక్కువ సలాక వచ్చినట్టే. ఆమె ప్రతి లోడులోనూ కొన్ని తూయించింది. సిమెంటు మూట మీద అచ్చయిన వారం నంబరు రాసుకుంది, పాత మూటలు ముందు వాడించింది. తడి ఇసుక సంగతీ ఆమెకు తెలుసు. కొద్దిపాటి తేమకే ఇసుక ఉబ్బి, నాలుగో వంతు దాకా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ట్రాక్టరు నిండుగా కనిపించినా లోపల ఇసుక తక్కువే. ఇదంతా చూసి మేస్త్రి మొదట్లో నొచ్చుకున్నాడట. "మేస్త్రి మీద అనుమానం గాదన్నా, వచ్చిన సామాను రాసుకోకుంటే యాడ ఎంత పట్టిందో రేపు పై ఇంటికి ఎట్ల తెలుస్తది?" అంది నాతో.

ఇక స్లాబు. సందు ఇరుకు కావడంతో రెడీమిక్స్ లారీ రాలేదు. మిక్సరు, లిఫ్టు, కూలీల గుంపుతో పాత పద్ధతిలోనే పోశారు. ఆ రోజు పొద్దున ఆమె తీసిన ఫోన్ ఫొటోలు నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టాయి. సెంట్రింగ్ రేకుల మీద సలాకల జల్లెడ, కింద కవర్ బ్లాకులు, ఫ్యాను పెట్టెలు, వాటిని కలుపుతూ కరెంటు పైపులు, బాత్రూం దగ్గర ప్లంబరు ముందే నిలబెట్టిన పైపు ముక్కలు. ప్రతి ఫొటోలో ఒక పక్క టేపు పరిచి ఉంది, గోడ నుంచి ఎన్ని అంగుళాలో చదువుకోవచ్చు. కాంక్రీటు పడ్డాక ఇవన్నీ కనబడకుండా పోతాయి. పైపు మరచిపోతే తర్వాత స్లాబును డ్రిల్లుతో పొడవాలి, పొడిస్తే సలాక తెగుతుంది, తెగిన చోట నీరు దిగుతుంది. అందుకే కరెంటు మిస్త్రీ, ప్లంబరు ఇద్దరూ వచ్చి తమ పని చూసుకుని సరే అన్నాకే ఇంజినీరును పిలిచింది, ఆయన సరే అన్నాకే మిక్సరును మాట్లాడింది. మిక్సరు ముందు వచ్చి నిలబడితే అద్దె ఎక్కుతుంటుంది, ఆ తొందరలో ఎవరూ ఏదీ చూడరు. వరుస తిరగబడితే డబ్బు పోయేది ఇలాగే.

మిక్సరు దగ్గర ఆమె కాపలా కాసింది నీళ్లకు. ఎం20 కాంక్రీటుకు, మన ఐఎస్ 456 ప్రమాణం ప్రకారం, 50 కిలోల సిమెంటు మూటకు 30 లీటర్ల నీళ్లు మించకూడదు. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. మాలు పల్చగా ఉంటే తట్టలోంచి సులువుగా జారుతుంది, కూలీకి చెయ్యి నొప్పి తగ్గుతుంది, స్లాబుకు బలం తగ్గుతుంది. ఆమె పదిహేను లీటర్ల బకెట్లు రెండు తెచ్చి గీత గీసి అక్కడ పెట్టింది. మేస్త్రి ఇప్పుడు నవ్వుతూ చెబుతాడు: "అక్క బకెట్లు లెక్కబెడుతుంటే మా పోరగాళ్లు నవ్విన్రు. సెంట్రింగ్ ఇప్పినంక అడుగు జూసి చప్పుడు జెయ్యలే." ఆ అడుగును నేనూ చూశాను, మెట్ల కింద ఒక చోట గిలాబు చెయ్యకుండా వదిలేశారు. కంకర బయటపడి తేనెపట్టులా కనిపించే చోటు ఒక్కటీ లేదు, రేకుల అతుకుల గీతలు తప్ప.

ఆ తర్వాత పనే లేని రోజులు. గుత్తేదారులు ఎక్కువగా దొంగిలించేది సిమెంటు కాదు, ఈ రోజులనే. అదే ఐఎస్ 456 మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఎండ తీవ్రంగా ఉన్నచోట 10 రోజులు తడి ఉంచమంటుంది. ఇప్పుడు మార్కెట్లో ఎక్కువగా దొరికే, బూడిద కలిసిన సిమెంటుకు 14 రోజుల దాకా పొడిగించమంటుంది. స్లాబు కింది పోట్లు నాలుగున్నర మీటర్ల లోపు వెడల్పుకు 7 రోజులు, అది దాటితే 14 రోజులు, 6 మీటర్ల లోపు బీములకు 14 రోజులు, ఆపైన 21 రోజులు. సెంట్రింగ్ సామాను అద్దెకిచ్చినవాడు రోజూ ఫోన్ చేస్తాడు, అతనికి ఇంకో చోట స్లాబు ఉంటుంది. ఈమె అద్దె పెరిగినా మూడు వారాలూ పోట్లు కదలనివ్వలేదు. స్లాబు మీద మడులు కట్టి నీళ్లు నింపింది, పిల్లర్లకు గోనె సంచులు చుట్టి పొద్దున, సాయంత్రం తడిపింది. బోరు నీళ్లు ఉప్పనేమో అని ముందే పరీక్ష చేయించిందట, ఆ వివరం అడగకుండానే చెప్పింది.

గిలాబు దగ్గర నా మనసు పట్టుకున్నది కోడి జాలి. కాంక్రీటు పిల్లరు, ఇటుక గోడ ఎండకు ఒకేలా సాగవు. రెండింటినీ కలిపి గిలాబు చేస్తే ఆ గీత వెంట నిలువుగా పగులు వస్తుంది. మన ఇళ్లలో చాలా గోడల మీద ఆ గీత చూస్తూనే ఉంటాం, లప్పం పెట్టి రంగు వేస్తూనే ఉంటాం. ఇక్కడ ప్రతి కలయిక మీదా జాలి పరిచి మేకులు కొట్టి, దాని మీద మాలు వేశారు. ఒక ఎండాకాలం గడిచింది, గోడలు ఇంకా గీత లేకుండానే ఉన్నాయి. బాత్రూంలో పలకలు వేయకముందే గచ్చు మీద నీళ్లు నింపి, రెండు రోజులు ఆగి, కింద తడి లేదని చూసుకున్నారు. మేస్త్రికి ఆఖరి కిస్తు ఆ రోజే ఇచ్చింది.

మెట్లు చూస్తే ఇల్లు ఎవరు నడిపించారో తెలుస్తుంది. కాంక్రీటు మెట్లన్నీ సమానంగానే పోస్తారు. తర్వాత గచ్చు మీద మందపు రాయి, మెట్ల మీద పల్చటి రాయి వేస్తే మొదటి మెట్టు పొట్టిదైపోతుంది, ఆఖరిది ఎత్తవుతుంది, ముసలివాళ్లు సరిగ్గా అక్కడే తూలుతారు. ఈ ఇంట్లో మెట్లు పోయకముందే కింద, పైన ఏ రాయి వేస్తారో, ఎంత మాలు మీద వేస్తారో తేల్చుకున్నారు. టేపు పెట్టి చూశాను, అన్ని మెట్లూ ఒకే ఎత్తు. రాయి మిస్త్రీ, సెంట్రింగ్ మిస్త్రీ ఒకరి ముఖం ఒకరు చూసి ఉండరు. వాళ్లిద్దరి మధ్యా మాట నడిపింది ఆ నోటుపుస్తకమే.

తెలంగాణ సర్కారు ఇప్పుడు పేదలను పెద్ద ఎత్తున ఈమె నిలబడ్డ స్థానంలోనే నిలబెడుతోంది. 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో లబ్ధిదారే కట్టించుకోవాలి. 5 లక్షలు నాలుగు విడతల్లో వస్తాయి. బేస్‌మెంట్‌కు ఒకటి, గోడలకు ఒకటి, స్లాబుకు ఒకటి, పూర్తయ్యాక ఆఖరిది. డబ్బు పని వెనక వస్తుంది. పని వరుస తెలియని ఇంటివాళ్లు మళ్లీ ఏ గుత్తేదారు చేతిలోనో పడతారు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో సొంతిల్లు తానే కట్టించుకునే వాడికి పని విలువ 10 వేల డాలర్లు దాటితే ప్రత్యేక అనుమతి, 20 వేలు దాటితే శిక్షణ కోర్సు తప్పనిసరి. అక్కడి తెలుగువాళ్లు ఆ కోర్సు గురించి విసుక్కుంటారేమో గానీ, ఇక్కడ అలాంటిది తెలుగులో నాలుగు రోజులు పెట్టినా చాలామందికి ఇల్లు నిలబడుతుంది.

ఈ ఇంటికి లోటు లేదనను. డబ్బు మిగిలిందా అంటే ఆమె చేతులు తిప్పింది. ఆమె రోజులకు కూలీ కడితే గుత్త రేటును దాటుతుంది. అంతకంటే పెద్ద లోటు నోటుపుస్తకంలోనే ఉంది. మేకుల దాకా రాసిన అందులో పనివాళ్ల హెల్మెట్లు లేవు, స్లాబు అంచున కట్టే తాడు లేదు. గుత్తేదారు స్థానం తీసుకున్నవాళ్లకు మనుషుల బాధ్యతా వస్తుంది. ఆ మాట అంటే ఆమె వాదించలేదు.

పైన స్లాబు మీద రేపటి అంతస్తు కోసం వదిలిన సలాకలకు సిమెంటు పాలు పూసి ఉంచారు. దసరా తర్వాత మొదలు పెడదామని మేస్త్రి అడుగుతున్నాడు. స్టీలు రేటు చూశాక చెబుతానంది ఆమె. కొత్త ఒప్పందం చిత్తు అప్పటికే రాసుకుని ఉంది, హెల్మెట్లు, అంచు తాడు అందులో చేర్చింది. వాటికి వేరే పైసలు కావాలంటున్నాడట మేస్త్రి, బేరం ఇంకా తెగలేదు.