మతి తప్పుట మత్తుమందు దోషమా?

ఇటీవల ఒక విద్యార్థి తరగతి ముగిసిన పిమ్మట నన్ను సమీపించి, “మాస్టారూ, మా తాతగారు జారిపడితే తుంటి ఎముక విరిగింది. మత్తుమందు ఇస్తే మతి పోతుందని బంధువులంతా ఆపరేషను వద్దంటున్నారు. నిజమేనా?” అని అడిగెను. దీనికి ఒక్క మాటలో జవాబు చెప్ప వీలు లేదు. మత్తుమందుపై మోపబడిన నేరమును, నేడు దానికి మారుగా వినవచ్చుచున్న శోథ సిద్ధాంతమును, రెంటిని సాక్ష్యముతో పరీక్షింపవలసి యున్నది.

మత్తుమందుపై ప్రసిద్ధమైన ఆరోపణ 1955 నాటిది. బెడ్‌ఫర్డ్ అను బ్రిటిష్ వైద్యుడు లాన్సెట్ పత్రికలో, శస్త్రచికిత్స పిమ్మట కొందరు వృద్ధుల బుద్ధిశక్తి క్షీణించుచున్నదని వ్రాసెను. మత్తుమందును, ఆ సమయమున రక్తపు పోటు తగ్గుటను ఆయన శంకించెను. కుటుంబములు మౌనముగా భరించుచున్న బాధను వెలుగులోనికి తెచ్చుట ఆ వ్యాసము చేసిన మేలు. కాని అది జరిగిపోయిన కేసులను వెనుదిరిగి చూచిన పరిశీలన. అట్టి పరిశీలన అనుమానమును కలిగింపగలదే గాని తీర్పు చెప్పజాలదు.

1998లో ఇంతకంటె గట్టి పరీక్ష జరిగినది. పెద్ద శస్త్రచికిత్స పొందిన, 60 ఏండ్లు మొదలు ఆ పై వయస్సు గల 1218 మందికి ముందును, తరువాతను జ్ఞాపకశక్తి పరీక్షలు పెట్టిరి. శస్త్రచికిత్స లేని వారితో పోల్చిరి. వారము తరువాత నూటికి 25.8 మందిలోను, మూడు నెలల తరువాత 9.9 మందిలోను బుద్ధిమాంద్యము కనబడినది. పోలికకు తీసికొనిన వారిలో ఈ అంకెలు 3.4, 2.8 మాత్రమే. అనగా బాధ నిజమే. కాని ప్రాణవాయువు కొరతకుగాని, రక్తపు పోటు తగ్గుటకుగాని దీనితో సంబంధము కనబడలేదు. 2003లో ప్రచురితమైన మరియొక పరిశోధనలో పూర్తి మత్తు ఇచ్చిన వారిని, శరీరములో కొంత భాగమునకే తిమ్మిరి ఎక్కించిన వారిని పోల్చగా, మూడు నెలల నాటికి చెప్పుకోదగిన తేడా లేదు. మత్తుమందే ముఖ్య దోషి అను వాదము ఇక్కడ బలహీనపడినది.

అయిన దోషి ఎవరు? కాలిలో ముల్లు గ్రుచ్చుకొనిన చోట ఎరుపు, వేడి, వాపు, నొప్పి పుట్టును. దీనినే శోథ అందురు. దీనిని పాఠములలో “వాపు” అని మాత్రమే చెప్పుట సరికాదు. ఎందుకనగా శోథ కంటికి కనబడని చోట్ల కూడ జరుగును. గాయపడిన కణజాలము సైటోకైనులను రసాయనములను విడుదల చేయును. అవి గ్రామములో దండోరా వలె ప్రమాదవార్తను దేహమంతట చాటును. మెదడులోని మైక్రోగ్లియా అను రక్షక కణములు ఆ వార్త విని మేల్కొనును. జ్ఞాపకములకు ఆధారమైన హిప్పోకాంపస్ పని అప్పుడు చెడవచ్చును. 2010లో చిట్టెలుకల కాలి ఎముకకు శస్త్రచికిత్స చేసి చూడగా జ్ఞాపకశక్తి తగ్గెను. టి.ఎన్.ఎఫ్.-ఆల్ఫా అను సైటోకైనును ముందుగా అడ్డగించిన ఎలుకలలో ఆ నష్టము తప్పెను.

తీవ్రవ్యాధులు కూడ ఈ వాదమునకు కొంత బలము నిచ్చుచున్నవి. తీవ్రవ్యాధితో ఇంటెన్సివ్ కేర్‌లో చేరిన 821 మందిపై 2013లో ప్రచురితమైన అధ్యయనములో, ఏడాది తరువాత పరీక్షింపబడిన వారిలో సుమారు నాలుగవ వంతు మంది మార్కులు, స్వల్ప ఆల్జీమర్స్ వ్యాధిగ్రస్తుల మార్కులవలె ఉండెను.

వాదము అందమైనదే. కాని ఇందులో మూడు లోపములు గలవు. మొదటిది, ఆరోగ్యముగల చిట్టెలుక, మధుమేహముతో బాధపడు డెబ్బది ఏండ్ల మనిషి కాదు. రెండవది, శోథయే కారణమైనచో దానిని అణచు మందు మేలు చేయవలెను గదా! 2015లో గుండె శస్త్రచికిత్స పొందిన 7507 మందిపై స్టెరాయిడును పరీక్షింపగా, తరువాత కలుగు మతిభ్రమ తగ్గలేదు. దీనివలన శోథ నిర్దోషి అని తేలదు. స్టెరాయిడు స్వయముగా మనస్సును కలవరపెట్టగలదు. పైగా గాయము మానుటకు శోథ అవసరము కూడ. కాని “కారణము తెలిసినది, ఇక మందే తరువాయి” అను వారి మాట నమ్మదగినది కాదు. మూడవది, కొందరిలో బుద్ధిక్షీణత ముందే మొదలై ఇంటివారి కంటబడకుండును. ముందు పరీక్షింపనిచో ఆ నింద శస్త్రచికిత్సపై పడును.

ఇంతలో మన చేతిలో ఉన్నదేమి? 1999లో ప్రచురితమైన ఒక అధ్యయనమున, 70 ఏండ్లు మొదలు ఆ పై వయస్సు గల 852 మంది ఆసుపత్రి రోగులలో సగము మందికి తగినంత నిద్ర, నీరు, నడక, కండ్లజోడు, చెవి యంత్రము అందునట్లు చూచిరి. మతిభ్రమ నూటికి 15 నుండి 9.9కు తగ్గెను. వారు శస్త్రచికిత్స రోగులు కారు. మతిభ్రమ, దీర్ఘకాల క్షీణత ఒకటి కావు. అయినను ఖర్చు లేని ఈ జాగ్రత్తలు విస్మరింపదగినవి కావు.

ఆ విద్యార్థితో నేనిట్లంటిని: “మతి పోతుందేమోనన్న భయంతో ఆపరేషను మానితే తాతగారు మంచాన పడతారు. అదీ ప్రమాదమే. ఆయన మరుపు సంగతి ఏదైనా ఉంటే డాక్టరుగారికి ముందే చెప్పండి. కళ్ళజోడు మరిచిపోకుండా తీసుకెళ్ళు. మెలకువ వచ్చేసరికి నువ్వు పక్కన కూర్చో.”