'నాగబు' శబ్దవిచారము

ప్రాచీనలేఖనములందలి నామములకు నర్థము చెప్పుట చూపునకు సులభము, నిర్ణయమునకుఁ గష్టము. ప్రకృతిని మాత్రమే పట్టుకొన్నవాఁడు ప్రత్యయముకడ జాఱును.

దీనికి దూరదేశపు దృష్టాంత మొకటి కలదు. మెక్సికోదేశమున స్పెయినువారి యేలుబడి తొలినాళ్ల, 16వ శతాబ్దిని, వ్రాయఁబడిన మెందోసా గ్రంథమున నహువత్ల్ భాషలోని యూళ్లపేళ్లు బొమ్మలచేఁ దెలుపఁబడినవి. క్వౌతిత్లాన్ అను నూరికిఁ జెట్టును, దాని మ్రానున దంతములును గుఱుతు. ఆ భాషలో దంతమునకుఁ 'త్లాన్‌త్లి' యని పేరు. చిత్రకారునికిఁ గావలసినది దంతార్థము గాదు; స్థలమును దెలుపు 'త్లాన్' అను ప్రత్యయధ్వని మాత్రమే. 'చెట్లనడుమ నున్న యూరు' అని నామార్థము. తెలుఁగువాఁడు తన భాషలోఁ 'జెట్టునఁ బండ్లు' అని చదివి ఫలము లనుకొన్న నెంత పొరపాటో, దంతార్థమును గొన్న నంతే పొరపాటు. ప్రక్కనే లాటిను లిపిలో నూరిపేరు వ్రాసియుండుటచే సందేహము తీఱినది.

ఇఁక మన 'నాగబు' సంగతి. అమరావతీస్తూపశిలపై నున్న యీ యక్షరములను వేటూరి ప్రభాకరశాస్త్రిగారు తెలుఁగుపదముగా గుర్తించిరి. 'నాగ' శబ్దము సర్వభాషాసాధారణము. 'బు' యనునది మాత్రము మన 'ంబు', 'ము' వర్ణకములకుఁ బూర్వరూపమని తలంపు. ప్రత్యయమునుబట్టి భాషను నిర్ణయింపఁబూనుట వ్యాకరణజ్ఞులకు నచ్చెడి మార్గము; ఆ ప్రజ్ఞ శ్లాఘ్యము.

అయినను విచార్యాంశ మొకటి మిగిలినది. మువర్ణకము అమహద్వాచకములకుఁ జెల్లును. పురుషనామమునకు డువర్ణకము తగును. స్తూపశిలలపైఁ దఱచుగాఁ గానవచ్చునవి దాతల పేళ్లు. 'నాగబు' పురుషనామ మైనచోఁ దెలుఁగున 'నాగఁడు' కావలయును. తెలుఁగుపద మైనచో సర్పమునో యేనుఁగునో చెప్పవలయును. లేదా 'నాగబుద్ధి' వంటి ప్రాకృతనామమున మొదటి తునుక కావచ్చును. 1858లో వెలువడిన బాలవ్యాకరణపు నియమమును దాదాపు రెండువేలయేండ్ల వెనుకకు నడపరాదని యాక్షేపింతురేని, యది యుచితమే. కాని యదే న్యాయమున నేఁటి ప్రత్యయమునుబట్టి నాఁటి 'బు'ను నిర్ణయించుటయు శిథిలమగును.

కావునఁ దొలి తెలుఁగుపదమని బాలురకు నిస్సంశయముగా బోధింపక, 'యూహింపఁబడినది' యని చేర్చుట మేలు. క్రీ.శ. 575 ప్రాంతమున రేనాటిచోడుఁడగు ధనంజయుని కలమళ్లశాసనము వాక్యముతోఁ గూడిన తెలుఁగు. దానికి సాక్ష్య మక్కఱలేదు. 'నాగబు'కో, మెక్సికోచెట్టు ప్రక్కనున్న వ్రాఁత వంటి సాక్ష్య మింకను దొరకవలసియున్నది. భాషకుఁ బ్రాచీనత గౌరవమే. సందేహమును దాఁచి తెచ్చిన ప్రాచీనత గౌరవము గాదు.