లోరియో హాస్యము

పరుల వైకల్యమునో కులమునో గేలిచేసినగాని నవ్వు పుట్టదని పలువురి నమ్మకము. జర్మను హాస్యకారుడు లోరియో దానిని వమ్ము చేసెను. ఇతని అసలు పేరు విక్కో ఫాన్ బ్యూలో (1923–2011). 1976 మొదలు 1978 వఱకు రేడియో బ్రేమెన్ సంస్థ ప్రసారముచేసిన ఆఱు భాగముల టెలివిజను హాస్యమాలిక యితని పేరుననే ప్రసిద్ధము.

అందలి బొమ్మలాట యొకటి చూడుడు. ఉదయ ఫలాహారవేళ భర్త, గ్రుడ్డు గట్టిపడినదనును. ఎన్ని నిమిషములుడికినదని యడుగును. గృహిణికి గడియారముతో పనిలేదు, మనసుననే తెలియునని భార్య బదులు పలుకును. మాటకు మాట పెరుగును; ఒకరి మాట నొకరు వినరు. కడపట భర్త, రేపీమెను చంపెదనని గొణుగుకొనును. మఱియొకదానిలో భర్త ఊరక కూర్చుండగోరును. వంటింటి పనిలోనున్న భార్య యూరకుండనీయదు. అతడు తాను అఱచుటలేదని అఱచును.

ఇచట నాకొక యభ్యంతరము కలదు. వంట యాలిది, కోపము మగనిది యను పంపకమును రచయిత ప్రశ్నింపడు. రెండింటను కడపటి మాట మగనిదే. ఐనను ఆ మాటవలన చులకనయగువాడును మగడే. గ్రుడ్డుకొఱకు హత్య తలపెట్టువాని నెవరు మన్నింతురు? దంపతులు వీనిని కలిసి చూచి, తామెవరిని చూచి నవ్విరో పిమ్మట నొకరినొకరు అడుగుకొనుట మేలు.